ఎర్రగడ్డకు గాలి, గుమ్మడికి నీడ: ఇంటి పంటను కోసి, దాచి, వండుకునే పద్ధతి

మార్చి నెలాఖరుకు తిరుపతి చుట్టుపక్కల మిద్దె తోటల్లో, పెరళ్లలో ఎర్రగడ్డ కాడలు ఒక్కొక్కటే వాలిపోతుంటాయి. ఇంకో నెల గడిస్తే సంక్రాంతి అయ్యాక పెట్టిన గుమ్మడి తీగ మీద కాయలు రంగు తిరుగుతాయి. రెండూ ఇంచుమించు వెంటవెంటనే ఇంట్లోకి వచ్చిపడతాయి. పదిహేను ఇరవై కిలోల గడ్డలు, అరడజను కాయలు వచ్చాయంటే, వాటిని ఎక్కడ పెడితే ఎక్కువ రోజులు ఉంటాయని అప్పుడు వెతుకులాట మొదలవుతుంది. అప్పటికే ఆలస్యం. ఎన్నాళ్లు నిలుస్తాయన్నది కోతకు ముందు పది రోజుల్లో, కోత తర్వాత ఆరబెట్టే పది రోజుల్లో చాలావరకు తేలిపోతుంది. గంప, గూడు, సంచి అనేవి ఆ తర్వాతి మాట.

ఇంకో సంగతి. ఈ రెండు పంటల్నీ ఒకే మూల పెట్టేస్తుంటాం. కానీ వాటి అవసరాలు వేరు. ఎర్రగడ్డ వెచ్చదనాన్ని ఓర్చుకుంటుంది, తేమను ఓర్చుకోదు. గుమ్మడికాయ పొడి చోటే కోరుతుంది గానీ ఎండ వేడికి నీరసించిపోతుంది. ఈ తేడా తెలిస్తే మిగతా పని సులువు.

ఏ కాలం గడ్డ?

ఉల్లి నిల్వ గురించి మాట్లాడేముందు అది ఏ కాలంలో పండిందో చూడాలి. జూన్, జూలైలో నారు పోసిన ఖరీఫ్ గడ్డ దాచుకోవడానికి పనికిరాదు. వానల్లో పెరిగి, వానల్లోనే పీకాల్సి వస్తుంది. మెడ లావుగా, పచ్చిగా ఉంటుంది. దాన్ని నెల, నెలన్నర లోపు వాడేసుకోవడమే తెలివి. నవంబరు, డిసెంబరుల్లో నారు పోసి, నాటి, మార్చి, ఏప్రిల్‌లో పీకే రబీ గడ్డదే నిలవుండే గుణం. బాగా ఆరితే నాలుగైదు నెలలు నిలుస్తుంది.

రకం కూడా అంతే ముఖ్యం. ఎన్‌-53, అర్క కల్యాణ్ లాంటివి ఖరీఫ్‌కు వేసేవి. దాచుకోవాలంటే అర్క నికేతన్, అగ్రిఫౌండ్ లైట్ రెడ్ లాంటి రబీ రకాలు వేసుకోవాలి. విత్తనాల అంగట్లో “నాసిక్ ఎర్రగడ్డ” అని ఇస్తే అది ఏ కాలానిదో అడిగి తీసుకోండి. సాంబారులోకి వేసే చిన్నగడ్డలు మాత్రం వేరే కథ. ఒక గడ్డ నాటితే గుత్తిగా ఐదారు వస్తాయి. పెద్దగడ్డ కంటే ఇవి బాగా నిలుస్తాయి, కుండీల్లో కూడా పండుతాయి. మిద్దె తోట వాళ్లకు నేను ముందు చెప్పేది చిన్నగడ్డలే.

ఎర్రగడ్డ పీకడం

నాటిన 90 నుంచి 110 రోజులకు గడ్డ తయారవుతుంది. క్యాలెండర్ కంటే కాడల్ని నమ్మండి. గడ్డ పైన మెడ మెత్తబడి, కాడలు పచ్చగా ఉండగానే పక్కకు పడిపోవడం మొదలవుతుంది. మడిలో సగం మొక్కలు ఇలా వాలితే కోతకు వచ్చినట్టే. అన్నీ వాలేదాకా, కాడలు పూర్తిగా ఎండేదాకా ఆగితే పై పొరలు చిట్లుతాయి, వేర్లు మళ్లీ వేస్తాయి. కాడల్ని కాలితో తొక్కి వంచే అలవాటు కొందరికి ఉంది. దానివల్ల మెడ దగ్గర గాయమై కుళ్లు లోపలికి దిగుతుంది తప్ప గడ్డ తొందరగా ముదరదు. ఖరీఫ్ గడ్డల కాడలు మామూలుగా వాలవు. వాటికి ఆకు చివర్లు పసుపెక్కడం, గడ్డ సైజు, రంగు చూసి పీకాలి.

నీళ్లు ఎప్పుడు ఆపాలన్నది అన్నిటికంటే పెద్ద విషయం. పీకడానికి పది పదిహేను రోజుల ముందే తడి కట్టేయాలి. కుండీల్లో మట్టి త్వరగా ఆరుతుంది కాబట్టి వారం పది రోజులు చాలు. చివరి రోజుల్లో నీళ్లు తాగిన గడ్డ చూడ్డానికి నిండుగా ఉంటుంది, తూకం కూడా బాగా తూగుతుంది, కానీ రెండు నెలల్లో నల్లబూజు పట్టి మెత్తబడుతుంది. అమ్ముకునేవాళ్లకు ఆ తూకం లాభమేమో, దాచుకునే మనకు కాదు.

పొడి వాతావరణం చూసుకుని పొద్దున్నే పీకండి. నేల గట్టిగా ఉంటే కాడ పట్టి లాగొద్దు, మెడ తెగిపోతుంది. పక్కనుంచి చిన్న పార గానీ తొలిక గానీ దింపి, మట్టిని వదులు చేసి, చేత్తో ఎత్తాలి. మట్టి రాల్చడానికి గడ్డను గడ్డకేసి కొట్టొద్దు. పైకి కనపడని దెబ్బ రెండో నెలలో మచ్చయి బయటపడుతుంది. కడగడం అసలే వద్దు.

ఆరబెట్టడం రెండు దశల్లో

మొదటి దశ బయట. పీకిన గడ్డల్ని వరసగా పరిచి, ఒక వరస కాడలు ముందు వరస గడ్డల మీద కప్పినట్టు పేర్చండి. ఎండ కాడల మీద పడాలి, గడ్డ మీద కాదు. పొలాల్లో ఇలా మూడు నుంచి ఐదు రోజులు ఉంచుతారు. తిరుపతి ఏప్రిల్ ఎండకు, అందులోనూ మిద్దె సిమెంటు నేల మీద, అన్ని రోజులు ఉంచితే గడ్డ ఉడికిపోయి పక్కలు తెల్లగా మెత్తబడతాయి. ఒకటి రెండు రోజులు చాలు. సిమెంటు మీద నేరుగా కాకుండా గోనెపట్ట గానీ చాప గానీ వేయండి.

రెండో దశ నీడలో, గాలి ఆడేచోట, వారం నుంచి పది రోజులు. దీనికి నులక మంచాన్ని మించింది లేదు. కిందినుంచి కూడా గాలి తగులుతుంది, తిరగేయాల్సిన పని తగ్గుతుంది. మంచం లేకపోతే పాత కిటికీ మెష్‌ను రెండు ఇటుకల వరసల మీద పెట్టండి. రాత్రి మంచు గానీ, వేసవిలో ఉన్నట్టుండి వచ్చే గాలివాన గానీ పడకుండా వసారాలోనో పంచలోనో ఉండాలి.

ఆరిందని తెలుసుకోవడానికి మెడను రెండు వేళ్ల మధ్య నలపండి. లోపల జారుడుగా, తడిగా ఏమీ తగలకూడదు. పై పొర గలగలమనాలి, వేర్లు ముట్టుకుంటే విరగాలి. మెడ ఆరకపోతే ఇంకో నాలుగు రోజులు ఉంచండి. కుళ్లు లోపలికి దిగే దారి ఆ మెడే. అది ఎండి మూసుకుపోతేనే గడ్డకు కాపలా. కాడలు పచ్చిగా ఉండగా కోసేస్తే ఆ దారి తెరిచిపెట్టినట్టే. బాగా ఆరాక అంగుళం మెడ వదిలి కోయండి, వేర్లు కత్తిరించండి. జడలు అల్లి వేలాడదీసేవాళ్లు కాడలు కోయక్కర్లేదు. పదీ పన్నెండు గడ్డలకు ఒక జడ, మధ్యలో పురికొస కలిపి అల్లితే బరువుకు తెగదు.

ఏరడం, దాచడం

ఏరకుండా దాస్తే పడ్డ శ్రమంతా దండగ. మెడ లావుగా ఉన్నవి, జంట గడ్డలు, మధ్యలో పూకాడ వేసినవి, పార తగిలినవి, ఒత్తితే మెత్తగా అనిపించేవి అన్నీ విడిగా తీసి వంటింట్లో పెట్టండి. ముందు వాడాల్సినవి అవి. చక్కగా గట్టిగా ఉన్నవే నిల్వకు. మంచిగడ్డ ముందు వండుకుని, దెబ్బతిన్నది తర్వాత చూద్దామనుకుంటే చివరికి రెండూ పోతాయి.

ఎర్రగడ్డ సున్నా నుంచి 2 డిగ్రీల చలిలో గానీ, 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనంలో గానీ మొలకెత్తకుండా ఉంటుంది. ఆ మధ్యలో, ముఖ్యంగా 10 నుంచి 20 డిగ్రీల దగ్గర, మొలకలు వేస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ అంత చల్లనా కాదు, పైగా లోపల తేమ. అందుకే ఫ్రిజ్‌లో పెట్టిన గడ్డ మొలకెత్తుతుంది, లేదా మెత్తబడుతుంది. మన ఊరి వెచ్చదనం ఉల్లికి శత్రువేమీ కాదు. గాలిలో తేమ 65, 70 శాతం దగ్గర ఉంటే చాలు. అంతకు మించి చాలాకాలం ఉంటే బూజు, కుళ్లు మొదలవుతాయి. అలాగని రేకుల షెడ్డు కింద పెట్టకండి. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో రేకు కింద గడ్డ వాడిపోయి తూకం తగ్గిపోతుంది.

కాబట్టి కావాల్సింది గాలి పారే నీడ చోటు. వల సంచిలో నాలుగైదు కిలోలకు మించకుండా వేసి కొక్కేనికి తగిలించండి. వెదురు బుట్టలోనైతే రెండు మూడు వరసలే పరచండి. ప్లాస్టిక్ కవరు, మూతపెట్టిన డబ్బా, మంచం కింద పోసిన కుప్ప మూడూ పనికిరావు. ఉర్లగడ్డల పక్కన కూడా పెట్టొద్దు, వాటి తేమ వీటికి చేటు. పది రోజులకోసారి బుట్ట దగ్గర వాసన చూడండి. కుళ్లిన గడ్డ కంటికంటే ముందు ముక్కుకే దొరుకుతుంది. దాన్ని తీసేయండి, పక్కనున్నవి తుడిచి వంటకు పెట్టండి.

పై పొర మీద మసిలాంటి నల్లపొడి కనిపిస్తే అది బూజు. పై పొరలు ఒలిచి, కుళాయి నీళ్ల కింద కడిగి, లోపల శుభ్రంగా ఉంటే వాడుకోవచ్చు. లోపలి పొరల్లోకీ దిగినా, మెత్తబడినా పారేయండి.

మన ప్రాంతానికి అసలు గడువు అక్టోబరు. ఈశాన్య రుతుపవనం వచ్చిందంటే డిసెంబరు దాకా గోడలు కూడా చెమ్మగిల్లుతాయి. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానలు తెలిసినవాళ్లకు ఆ తేమ గురించి చెప్పక్కర్లేదు. ఏప్రిల్‌లో దాచిన గడ్డ సెప్టెంబరు చివరికల్లా అయిపోయేలా లెక్క వేసుకోండి. మిగిలినవి మొలకెత్తితే దిగులేమీ లేదు. గడ్డను వండుకోవచ్చు, లేదా కుండీలో గుచ్చితే మూడు వారాల్లో కాడలు కోసుకోవచ్చు.

గుమ్మడికాయ ముదిరిందా లేదా

విత్తిన వంద నుంచి నూట ఇరవై రోజులకు గుమ్మడికాయ ముదురుతుంది. రంగు ఒక్కటే చూసి మోసపోవద్దు, కొన్ని రకాలు ముదిరాక కూడా పచ్చచారలతోనే ఉంటాయి. గోరుతో తొక్కను గుచ్చి చూడండి. గోరు దిగితే లేత, జారిపోతే ముదురు. తొడిమ పచ్చదనం పోయి, గట్టిపడి, బెండులా మారాలి. కాయ మెరుపు తగ్గి మాసినట్టు అవుతుంది. నేలకు ఆనిన చోట మచ్చ తెలుపు నుంచి పసుపుకు తిరుగుతుంది. తట్టి చూసే పద్ధతి కూడా ఉంది గానీ దానికి చెవి అలవాటు పడాలి. గోరు పరీక్షే నమ్మకం.

కాయ పెరిగేటప్పుడే కింద పెంకు గానీ ఎండుగడ్డి గానీ పెట్టండి. తడినేలకు ఆనిన కాయ అడుగునుంచి పోతుంది. జూన్, జూలైలో పెట్టిన తీగ అక్టోబరు వానల్లో కోతకు వస్తుంది కాబట్టి ఆ కాయలకు ఇది తప్పదు. తోలు మీద చిన్న రంధ్రం, దాని చుట్టూ జిగురు కనిపిస్తే పండుఈగ పిందెలోనే గుడ్లు పెట్టిందని గుర్తు. ఆ కాయ నిలవదు, కోసి పురుగు ఎంతదాకా వెళ్లిందో చూడండి. కొత్తగా వేసేవాళ్లు చిన్న సంసారానికి సరిపోయే రకాలు చూసుకోవడం మంచిది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క చందన్ రెండు మూడు కిలోల కాయ కాస్తుంది, అర్క సూర్యముఖి కిలో దగ్గరే. పది కిలోల కాయ పండించడం గొప్పే గానీ, నలుగురున్న ఇంట్లో దాన్ని కోశాక సగం ఊరికి పంచాల్సిందే.

గుమ్మడి కోత, నిల్వ

కాయను తిప్పి తెంపకూడదు. పదునైన కత్తితో గానీ కొమ్మలు కత్తిరించే కటర్‌తో గానీ మూడు నాలుగు వేళ్ల తొడిమ వదిలి కోయండి. ఆ తొడిమ పట్టుకుని మోయొద్దు. అది ఊడిన చోట గుంట పడి కుళ్లు పడుతుంది. తొడిమ ఊడిన కాయను విడిగా పెట్టి ముందు తినేయండి. మట్టి ఉంటే పొడిగుడ్డతో తుడవండి.

తోలు ఇంకా గట్టిపడటానికి వారం, పది రోజులు ఆరనివ్వాలి. చలి దేశాల్లో దీనికోసం గదిని వేడి చేస్తారు. మనకు వసారా నీడే చాలు. ఆ తర్వాత ఇంట్లో అన్నిటికంటే చల్లగా, పొడిగా ఉండే చోటు చూడండి. ఉత్తరం వైపు గది, మెట్ల కింద గూడు లాంటివి. 10 నుంచి 15 డిగ్రీలు దీనికి నచ్చే చల్లదనం. అది తిరుపతిలో ఎలాగూ దొరకదు, అందుకే మన ఇళ్లలో రెండు మూడు నెలలు అనుకోవాలి. మదనపల్లె, పలమనేరు, కుప్పం లాంటి ఎత్తు ఊళ్లలో ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. వేడిలో ఎక్కువకాలం ఉన్న కాయ పైకి బాగానే ఉంటుంది గానీ లోపల కండ పీచుపీచుగా మారుతుంది.

వట్టి సిమెంటు నేల మీద పెట్టకుండా చెక్క మీదో గోనె మీదో పెట్టండి. ఒకదానికొకటి ఆనకూడదు, ఒకదాని మీద ఒకటి అసలు పెట్టకూడదు. మాగే మామిడి, అరటి గెలలున్న గదిలో వద్దు. మన పెద్దవాళ్లు దూలానికి ఉట్టి కట్టి గుమ్మడికాయ పెట్టేవాళ్లు. కింద ఆనడం ఉండదు, చుట్టూ గాలి, ఎలుకకు అందదు. ఇప్పటి ఫ్లాట్లలో దూలాలు లేవు గానీ బాల్కనీ కొక్కేనికి ఉట్టి కట్టినా పని జరుగుతుంది, ఎండ పడని వైపైతే చాలు.

బూడిద గుమ్మడి గురించి రెండు మాటలు. దాని మీది తెల్లపొడి సహజమైన మైనం, తేమ పోకుండా కాపాడేది అదే. దాన్ని తుడవొద్దు, కాయను కడగొద్దు. బూడిద నిండుగా పట్టాక కోస్తే మంచి గుమ్మడి కంటే ఎక్కువ నెలలు నిలుస్తుంది. గుమ్మానికి దిష్టికి కట్టేది కూడా అందుకే అన్ని నెలలు వేలాడుతుంది.

తినడం: ఏది ముందు, ఏది తర్వాత

తోటలో ముందు చేతికొచ్చేవి గుమ్మడి పూలు. కింద పిందె లేనివి మగపూలు. పొద్దున్నే వాటిని కోసుకోవచ్చు. తేనెటీగల కోసం, ఆడపూలకు పుప్పొడి కోసం కొన్ని తీగ మీదే వదిలేయండి. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీదికి వెళ్లేవి పోగా మిగిలినవాటిని శనగపిండిలో ముంచి బజ్జీలు వేయండి. లేత కాయను వేపుడు చేసుకోవచ్చు గానీ దాన్ని దాచడానికి లేదు.

ముదురు కాయను కోసిన రోజే వండకండి. రెండు మూడు వారాలు ఆగితే లోపలి పిండి కొంత చక్కెరగా మారి తీపి పెరుగుతుంది. కోసేటప్పుడు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే మొత్తం పారేయండి. ఉడికించినా ఆ చేదు పోదు, కడుపు పాడుచేస్తుంది. నిండు గుమ్మడికాయను ఆడవాళ్లు మొదట కోయకూడదు, మగవాళ్లే కొట్టాలని మన వైపు ఒక పట్టింపు. దాన్ని నేను పెద్దగా పట్టించుకోను గానీ, ముదురు కాయ తోలు మీద కత్తి జారితే వేలు తెగుతుందన్నది మాత్రం అందరికీ వర్తిస్తుంది. కింద గుడ్డ వేసి, కాయ దొర్లకుండా పట్టి కోయండి.

సగం మిగిలితే గింజలు, పీచు పూర్తిగా గోకేయండి. కుళ్లు మొదలయ్యేది అక్కడే. మూతపెట్టి ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంచవచ్చు. అంతకు మించి కావాలంటే ఉడికించి మెదిపి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, పులుసుకూ హల్వాకూ పనికొస్తుంది.

రెండు పంటలూ ఒకే గిన్నెలో కలిసేది పులుసులో. అరకిలో గుమ్మడి ముక్కల్ని తొక్కతోనే పెద్దగా కోయండి. పది పన్నెండు చిన్న ఎర్రగడ్డల్ని ఒలిచి గుండుగానే ఉంచండి. నూనెలో ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయ, కరివేపాకు వేసి, ఎర్రగడ్డలు రంగు మారేదాకా వేయించి, ముక్కలు, పసుపు, ఉప్పు, కారం వేయండి. నిమ్మకాయంత చింతపండు రసం, మునిగేటన్ని నీళ్లు పోసి ముక్క మెత్తబడనిచ్చి, చివర్లో చిన్న బెల్లం ముక్క, రెండు చెంచాల బియ్యప్పిండి నీళ్లలో కలిపి వేయాలి. బాగా తీపెక్కిన కాయైతే బెల్లం తగ్గించండి. రాగి సంగటిలోకి ఇది అద్భుతం, మరుసటిరోజు పొద్దునకు ఇంకా బాగుంటుంది.

దెబ్బతిన్న పెద్దగడ్డలకు సరైన దారి ఎర్రకారం. రెండు గడ్డలు, ఐదారు తెల్లగడ్డ రెబ్బలు, నానబెట్టిన ఎండుమిరపకాయలు ఎనిమిది, ఉప్పు, చింతపండు చిటికెడు వేసి మెత్తగా రుబ్బండి. దోశ పెనం మీద ఉండగానే పూసి, పైన పప్పులపొడి చల్లండి. పచ్చిది కాబట్టి ఫ్రిజ్‌లో కూడా రెండు రోజులకు మించి ఉంచొద్దు. చల్లటి సద్దిలోకి మాత్రం ఏ వంటా అక్కర్లేదు, చిన్న ఎర్రగడ్డ ఒకటి నంజుకుంటే చాలు.

నిల్వలో చిన్నగడ్డలు ఎక్కువైతే మే ఎండలోనే తాలింపు వడియాలు పెట్టేయండి. కిలో చిన్న ఎర్రగడ్డలు సన్నగా తరిగి, నానబెట్టి బరకగా రుబ్బిన పావుకిలో మినప్పప్పు, దంచిన తెల్లగడ్డలు, ఆవాలు, జీలకర్ర, మెంతులు, పసుపు, ఉప్పు, కరివేపాకు కలపాలి. ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే ఉండలు చేసి ఎండబెట్టండి. మొదటి మూడు రోజులు సాయంత్రం మళ్లీ అన్నీ కలిపి, మర్నాడు ఉండలు చేయాలి. ఆ తర్వాత ఉండలుగానే వారం దాకా ఎండనిచ్చి, లోపల తడి లేదని ఒకటి విరిచి చూసి, కాస్త ఆముదం పూసి జాడీలో పెట్టండి. ఏడాది దాకా ఉంటాయి. పులుసు దించేముందు ఒక ఉండ చిదిపి నూనెలో వేయిస్తే వేరే తాలింపు అక్కర్లేదు. వాన కురిసే నవంబరులో, బుట్టలో ఎర్రగడ్డ అయిపోయిన రోజున, కూరలో ఆ రుచి తెప్పించేది ఇవే.

గుమ్మడి గింజలు కడిగి నీడలో ఆరబెట్టి, పెనం మీద ఉప్పుతో వేయించుకోవచ్చు. విత్తనానికైతే బాగా ముదిరిన కాయలోని బలమైన గింజలే తీయండి. పక్కన వేరే రకం గుమ్మడి ఉంటే తేనెటీగలు పుప్పొడి కలిపేసి ఉంటాయి, హైబ్రిడ్ కాయ గింజ కూడా తల్లిలా కాయదు. ఎర్రగడ్డ విత్తనాన్ని మాత్రం దాచే ఆలోచన పెట్టుకోవద్దు. ఏడాది దాటితే మొలక బాగా పడిపోతుంది. నవంబరులో నారు పోసేముందు ప్యాకెట్ మీద తేదీ చూసి కొత్తది కొనండి.